ఎడమ బుగ్గ

4, బుధవారం

ఈ డైరీని ఫొటో కాగితాల కంపెనీ వాళ్లు ఏడాది మొదట్లో ఇచ్చారు. ఇన్నాళ్లూ కౌంటర్ మీద ఫోన్ నంబర్లు రాసుకోవడానికే పనికొచ్చింది. ఇవాళ ఎందుకో రాయాలనిపించింది. నిన్న మధ్యాహ్నం నుంచి లాండ్రీలో పనిచేసే అమ్మాయి కూతురు కనిపించడం లేదు. నాలుగేళ్ల పిల్ల. లాండ్రీ అంటే మా స్టూడియోకి ఎదురు వరుసలో నాలుగో షాపు.

పొద్దున పోలీసులు వచ్చారు. ఆ పాపకు ఈ మధ్య తీసిన ఫొటో అంటూ ఉంటే అది నా దగ్గర దిగినదొక్కటే. పోయిన నెల బడిలో చేర్పించడానికని వాళ్లమ్మ నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు తీయించింది. ఆమె ఫోన్ బకెట్ నీళ్లలో పడి అందులో ఉన్నవన్నీ పోయాయట. ఇన్‌స్పెక్టర్ పెద్ద ప్రింటు కావాలన్నాడు. పది నిమిషాల్లో తీసిచ్చాను. చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాడు. ఇలాంటి సమయంలో మెప్పుకు సంతోషించకూడదు. సంతోషించాను.

సాయంత్రానికల్లా ఆ ఫొటో వీధిలో ప్రతి స్తంభానికీ ఉంది, ప్రతి ఫోన్‌లోనూ ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నేను తీసిన ఫొటోను ఇంతమంది ఎప్పుడూ చూడలేదు.

పాప దొరకాలి. ఆ మాట అన్నిటికన్నా ముందు రాయాల్సింది.

5, గురువారం

పక్కనున్న మందుల షాపాయన మధ్యాహ్నం లోపు మూడు కథలు అల్లాడు. మొదటిది, విదేశంలో ఉన్న తండ్రి మనుషుల్ని పంపి ఎత్తుకెళ్లాడని. రెండోది, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అని. మూడోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, లాండ్రీ వైపు కళ్లతో చూపించాడు. భర్త వదిలేసి రెండేళ్లయిన మనిషి, ఈ ఊరొచ్చి మూడు నెలలు కూడా కాలేదు, ఎవరితోనూ కలవదు, నిన్న ఏడుస్తున్నప్పుడు కూడా తల చక్కగా దువ్వుకునే ఉంది. తల దువ్వుకోవడం కూడా నేరమేనని నాకు ఇవాళే తెలిసింది. అయినా విన్నాను. వినడమే కాదు, టీ తెప్పించి మరీ విన్నాను.

టీవీ వాళ్ల వ్యాను వచ్చింది. ఫొటో తీసింది మీరేనా అని అడిగి, నన్ను నా స్టూడియో బోర్డు కింద నిలబెట్టారు. మా దగ్గర ఫొటో అంటే అద్దంలో చూసుకున్నట్టే ఉంటుందన్నాను. ఒకసారి చూసిన ముఖం ఈ జన్మలో మర్చిపోనన్నాను. తల్లి గురించి అడిగారు. ఫొటోలు తీసుకుని, కనీసం చూడకుండా కవర్లో పెట్టుకుని వెళ్లిపోయిందని చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు. లాండ్రీ యజమాని పది నిమిషాలే ఇచ్చాడని ఆమె ఆ రోజు పరుగు పరుగున వచ్చింది. అది చెప్పలేదు. వాళ్లు అడగలేదు కూడా.

రాత్రి వార్తల్లో అరనిమిషం చూపించారు. చొక్కా బాగానే ఉంది. మా ఆవిడ కంచాలు తీస్తూ, "ఆ చివరి మాట ఎందుకు అన్నారు?" అని మాత్రం అడిగింది.

6, శుక్రవారం

సాయంత్రం టీవీలో పాప వాళ్లమ్మ మాట్లాడింది. మొదటిరోజు ఫిర్యాదులో గౌను రంగు, ఎత్తు చెప్పింది కానీ, ఆ కంగారులో మచ్చ సంగతి చెప్పడం మర్చిపోయిందట. "పాప ఎడమ బుగ్గ మీద కాలిన మచ్చ ఉంటుంది. పోయిన ఏడాది ఇస్త్రీపెట్టె తగిలింది. ఆ మచ్చ చూసి గుర్తుపట్టండి" అని దండం పెట్టింది.

పక్కనే నా ఫొటో వేశారు. బుగ్గ నున్నగా ఉంది. దాన్ని పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. చుట్టూ ఎర్ర గీత గీసి, మచ్చ ఎక్కడుంది అని అడిగారు. టీవీలో చర్చకు కూర్చున్న నలుగురిలో ఒకావిడ, కన్నతల్లికి తన బిడ్డ ముఖం తెలియదా అంది. మందుల షాపాయన వెంటనే ఫోన్ చేసి, "చూశావా గురూ, దొరికిపోయింది" అన్నాడు. ఊ కొట్టాను.

అన్నం తిన్నాను. రేపటి ఆర్డర్లు చూసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. మచ్చ ఉంది. నేనే తీసేశాను.

ఎవరూ తీయమనలేదు. ఎవరూ అడగరు. నా దగ్గరికొచ్చిన ప్రతి ముఖానికీ మొటిమలు, గాట్లు, కళ్ల కింద నలుపు నేనే తీసేస్తాను. కంప్యూటర్లో పక్కనున్న మంచి చర్మంలోంచి కాస్త తీసి మచ్చ మీద పరిస్తే చాలు. మీ దగ్గర దిగితే బాగా వస్తామండీ అని జనం మా షాపుకి రావడానికి కారణం అదే. చేతికంటుకున్న అలవాటు. ఆ పాప బుగ్గకు గ్లాసుడు మంచినీళ్లు తాగినంత సేపు కూడా పట్టి ఉండదు. తీయాలని అనుకున్నట్టు కూడా నాకు గుర్తు లేదు.

బడికీ, గుర్తింపు కార్డులకీ ఇచ్చే ఫొటోల్లో ముఖం ముట్టుకోకూడదు. ముట్టుకోనని సంతకం పెట్టాను కాబట్టే కార్డుల ఆఫీసు పని ఆరేళ్లుగా మాకు వస్తోంది. ఈ సంగతి బయటపడితే ఆ పనీ పోతుంది, అద్దంలో చూసుకున్నట్టే అన్న నా మాటా పోతుంది.

రేపు చెప్తాను. పొద్దున్నే వెళ్లి చెప్తాను.

7, శనివారం

కార్డుల ఆఫీసు పంపినవాళ్లు ముప్ఫై ఆరుగురు వచ్చారు. తల ఎత్తడానికి తీరిక లేదు.

ఎవరి ముఖమూ ముట్టుకోలేదు. ఒకాయన ప్రింటు చూసుకుని, ఇదేంటి ఇలా ఉన్నాను అని పెదవి విరిచాడు.

8, ఆదివారం

నేను వెళ్లేలోపు ఇన్‌స్పెక్టరే వచ్చాడు. కౌంటర్ మీద ఫొటో పెట్టి, ఇది తీసింది తీసినట్టే ఉందా, ఏమైనా మార్చారా అని అడిగాడు. తండ్రికి ఫోన్ చేశారట. మా పాప ముఖం మీద మచ్చే లేదని ఆయన ఖాయంగా చెప్పాడట. ఆయన వెళ్లి రెండేళ్లయింది, ఇస్త్రీపెట్టె తగిలింది పోయిన ఏడాది. ఆ లెక్క నాకు తట్టింది. ఇన్‌స్పెక్టర్‌కి తట్టలేదా, లేక తట్టినా ఫొటోనే ఎక్కువ నమ్మాడా, నాకు తెలియదు.

"లైటింగ్ కాస్త సరిచేస్తాం సార్. అందరూ చేసేదే" అన్నాను.

ఆయన అదే మాట పుస్తకంలో రాసుకున్నాడు. మచ్చ తీశారా అని అడిగి ఉంటే తీశానని చెప్పేవాణ్ణి. ఆయన మార్చారా అని అడిగాడు. లైటింగ్ మార్చడం కూడా మార్చడమే కదా. అడిగినదానికి జవాబు చెప్పాను.

మా ఆవిడ తెర వెనక పిల్లల దువ్వెనలు కడుగుతోంది. ఆయన వెళ్లాక కూడా చాలాసేపు కడిగింది.

9, సోమవారం

వీధి వీధంతా పాప ముఖాన్ని గుర్తు చేసుకునే పనిలో పడింది. మందుల షాపాయన రెండు నెలల కింద పాప మచ్చకని క్రీము అమ్మాడు. అమ్మినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఇప్పుడేమో అది దోమకాటుకి ఇచ్చానని, బుగ్గ అద్దంలా ఉండేదని ఒట్టేసి చెప్తున్నాడు. అబద్ధమాడుతున్నాడని నేననుకోవడం లేదు. ఐదారు రోజులుగా ఆ ఫొటో చూసీ చూసీ, అతనికి ఇప్పుడు ఆ బుగ్గే గుర్తుంది. లాండ్రీ యజమానిని అడిగితే, వెనక గదిలో మూటల మధ్య ఆడుకునే పిల్ల, దాని ముఖం నేనెప్పుడు చూశాను అన్నాడట. రోజూ చూసినవాళ్లు కూడా ఉందనుకుంటా, లేదనుకుంటా అని నసుగుతున్నారు.

ఇంకో మాట కూడా పుట్టింది. మచ్చ ఉందనే అనుకుందాం, నాలుగేళ్ల పిల్లకి ఇస్త్రీపెట్టె ఎలా తగులుతుంది, తల్లే కాల్చి ఉంటుంది అని. అంటే మచ్చ లేకపోతే అబద్ధాలకోరు, ఉంటే రాక్షసి. ఆమెకు తప్పించుకునే దారి ఎటూ లేదు.

పాప కూర్చున్న స్టూలు చూడటానికి జనం వస్తున్నారు. ఒక జంట దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంది. వద్దనలేదు. వద్దంటే ఎందుకు వద్దన్నాడని మొదలుపెడతారు.

10, మంగళవారం

ఎవరో పాప వాళ్లమ్మ గది కిటికీ మీద రాయి విసిరారు. అద్దం పగిలింది.

11, బుధవారం

ఆమె వచ్చింది.

షాపు తెరిచి అరగంటయి ఉంటుంది. లోపలికొచ్చి స్టూలు పక్కన నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఎనిమిది రోజుల్లో మనిషి సగమైంది. బయట ఇద్దరు ముగ్గురు ఆగి లోపలికి తొంగి చూస్తున్నారు. తలుపు వేశాను. ఆ తర్వాత, తలుపు వేశానని ఏమనుకుంటారోనని మళ్లీ తీశాను.

"అన్నయ్యా, పాపను దగ్గర నుంచి చూసింది మీరే కదా" అంది. "గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పారు కూడా. వాళ్లకొక్క మాట చెప్పండి, మచ్చ ఉందని. నేను చెప్తే ఎవరూ నమ్మట్లేదు."

ఆ ఒక్క మాటకు అంతకన్నా మంచి సమయం రాదు. నోరు తెరిచాను కూడా. బయటున్నవాళ్లు ఇంకో అడుగు దగ్గరికి వచ్చారు. వాళ్లలో మందుల షాపాయన ఉన్నాడు.

"రోజుకు యాభై మంది వస్తారమ్మా. గుర్తు లేదు" అన్నాను.

"మీరు ఒకసారి చూసిన ముఖం మర్చిపోరని టీవీలో చెప్పారు" అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజంగా అర్థంకాక అడిగింది. "సరే అన్నయ్యా. మీకు కూడా గుర్తు లేదంటే" అని, మాట పూర్తి చేయకుండానే వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా పని చేశాను. నాకేమీ కాలేదు. చేతులు మాత్రం రెండుసార్లు కడుక్కున్నాను.

12, గురువారం

పాత ఫైళ్లన్నీ తుడిచేశాను. నెలకోసారి చేసే పనే.

13, శుక్రవారం

నిన్న రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికోసం అబద్ధం రాశానో తెలియదు.

తుడవలేదు. అన్నీ తుడిచి ఆ ఒక్కటీ ఉంచాను. నిన్న దాన్ని తెరిచి చూశాను. పాప కాస్త బిక్కమొహం వేసుకుని ఉంది. ఎడమ బుగ్గ మీద, చెవి వైపు, మన బొటనవేలి గోరంత మచ్చ. చుట్టూ ఎరుపు తగ్గి మధ్యలో చర్మం ముడతపడింది. దాన్ని మర్చిపోయేవాడు మనిషే కాదు. తుడిచే మీట మీద వేలు పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. ఇది లేకపోతే ఇక ఎవరూ ఏమీ రుజువు చేయలేరని అనుకున్నాను. ఆ ఆలోచన నాదే. ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

ఇవాళ లాండ్రీ వెనకున్న ఖాళీ స్థలంలో పోలీసులు తవ్వడం మొదలుపెట్టారు. ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేసి, అక్కడ మట్టి కొత్తగా ఉందన్నారట. పాప వాళ్లమ్మను పొద్దున్నే స్టేషన్‌కి తీసుకెళ్లారు. గోడ చుట్టూ జనం. మందుల షాపాయన షాపులోంచి కుర్చీ తెచ్చుకుని వేసుకున్నాడు. నాకూ ఒకటి తెస్తానన్నాడు. పార మట్టిలో దిగిన ప్రతిసారీ గుంపు ఒక్కసారిగా ముందుకు వంగుతోంది. ఒక ముసలావిడ మాత్రం, ఏమీ దొరక్కూడదు తల్లీ, ఏమీ దొరక్కూడదు అని తనలో తను గొణుక్కుంటోంది. అంతమందిలో ఆ మాట అనుకున్నది ఆమె ఒక్కతే అనిపించింది. నాతో సహా మిగిలినవాళ్లం ఎదురుచూస్తున్నాం. ఏదైనా దొరికితే నా మచ్చ సంగతి చిన్నదైపోతుందని ఒక్క క్షణం అనుకున్నాను. ఈ డైరీలో రాసిన అన్నిటికన్నా నీచమైన మాట ఇదే. రాసి ఉంచుతున్నాను.

ఏమీ దొరకలేదు. పాత పైపు ముక్క ఒకటి బయటపడింది.

షాపుకి తిరిగొచ్చేసరికి మా ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. ఫొటోకొచ్చే పిల్లలకు తల దువ్వి పౌడర్ రాసేది ఆమే. "ఆ మచ్చ మీద పౌడర్ రాస్తుంటే పాప తల వెనక్కి లాక్కుంది" అంది. "నొప్పి పుడుతోందా అని అడిగాను. కాదు, చక్కిలిగింత అంది."

నేను షాపు తలుపు దగ్గరగా వేశాను.

"వారం నుంచి మీరు చెప్తారని చూస్తున్నాను. మీ నోటితో మీరే చెప్తే బాగుంటుందని ఊరుకున్నాను. నాదీ తప్పే. ఆ పిల్ల కోసం గొయ్యి తవ్వుతున్నారు కదండీ. రేపు పొద్దున మీరు వెళ్తారా, నన్ను వెళ్లమంటారా?"

నేనే వెళ్తానన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నమ్మాల్సిన పని కూడా లేదు.

14, శనివారం

వెళ్లాను. మా ఆవిడ స్టేషన్ మెట్ల దాకా వచ్చింది.

లోపల బల్ల మీద పాప వాళ్లమ్మ కూర్చుని ఉంది. నిన్నటి బట్టలే. ఆమె ముందు నుంచే నడిచి వెళ్లాను. ఆమె తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆగేవాణ్ణో లేదో.

ఇన్‌స్పెక్టర్ కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను. అలవాటు కొద్దీ చేశాను, కావాలని చేయలేదు సార్ అని రెండుసార్లు అన్నాను. మూడోసారి అనబోతుంటే చెయ్యి ఎత్తి ఆపి, పెన్‌డ్రైవ్ తీసుకున్నాడు. తీసిన ఫొటో, నేను సరిచేసిన ఫొటో, రెండూ తెర మీద పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఎనిమిదో తారీకున మిమ్మల్ని అడిగాను."

"అడిగారు సార్."

"ఏం చెప్పారు?"

"లైటింగ్ అని చెప్పాను."

తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. చెప్పింది రాయించుకుని సంతకం తీసుకున్నాడు. పక్క గదిలోకి వెళ్లి, కొత్త ఫొటో ఇప్పుడే అన్ని స్టేషన్లకీ, ఆసుపత్రులకీ, పిల్లల హోములకీ వెళ్లాలని అరిచాడు. బయటికొస్తుంటే ఆ బల్ల ఖాళీగా ఉంది. లోపలికి పిలిచి చెప్తున్నట్టున్నారు. ఏడుపేమైనా వినిపిస్తుందేమోనని మెట్ల మీద ఆగాను. ఏమీ వినిపించలేదు.

15, ఆదివారం

దొరికింది. ప్రాణాలతో ఉంది. బాగుంది.

పొద్దున తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. స్టూలు మీద కూలబడి ఏడ్చాను. మా ఆవిడ భయపడి నీళ్లు పట్టుకొచ్చింది. ఫోన్ ఆమెకే ఇచ్చాను.

జరిగింది ఇంతే. మూడో తారీకు మధ్యాహ్నం పాప బట్టల మూటల మధ్య ఆడుకుంటూ నిద్రపోయింది. ఆ మూటలతో పాటు పాప కూడా లాండ్రీ వ్యాన్‌లోకి ఎక్కిపోయినట్టుంది. వ్యాను రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్లో హోటల్‌కి వెళ్లింది. డ్రైవర్ దిగి వెనక తలుపు తీసి, లోపల రసీదు రాయించుకునేలోపు పాప దిగి ఎటో నడిచింది. వీధి ఊడ్చే ఒకావిడ చూసి, ఆ రాత్రి తన దగ్గరే ఉంచుకుని, నాలుగో తారీకు పొద్దున పిల్లల హోమ్‌లో అప్పగించింది. పేరడిగితే ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పింది, అమ్మ పేరడిగితే అమ్మ అంది.

ఆ తర్వాతిది ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా చెప్పాడు. ఆరో తారీకు పొద్దున మన పోస్టరు ఆ హోమ్‌కి చేరిందట. అక్కడ పిల్లల్ని చూసుకునే ఆవిడ పోస్టరు పట్టుకుని పాప పక్కన కూర్చుంది. పసుపు గౌను సరిపోయింది. వయసు సరిపోయింది. బుగ్గ సరిపోలేదు. అయినా అనుమానం తీరక స్టేషన్‌కి ఫోన్ చేస్తే, ముఖం ఫొటోలో ఉన్నట్టే ఉందా అని ఎవరో అడిగారు. కాలిన మచ్చ ఉందని ఆమె చెప్పింది. అయితే మా పాప కాదు అన్నారు. సాయంత్రం పాప వాళ్లమ్మ టీవీలో మచ్చ ఉందన్నప్పుడు ఆవిడకు మళ్లీ అనుమానం వచ్చిందట. కానీ ఆ వెంటనే నలుగురూ కూర్చుని, తల్లి చెప్పేది అబద్ధం అని తేల్చారు. ఆవిడ టీవీ కట్టేసి పిల్లలకు అన్నం పెట్టడానికి వెళ్లింది.

ఆరో తారీకు సాయంత్రమే నేను ఇక్కడ కూర్చుని, రేపు చెప్తాను అని రాశాను. ఇప్పుడు వెనక్కి తిప్పి చూశాను. దస్తూరీ కుదురుగానే ఉంది.

16, సోమవారం

వీధికి మాటలకేం తక్కువ. క్రీము కాలిన మచ్చకే ఇచ్చానని తను మొదటి నుంచీ చెప్తున్నానని మందుల షాపాయన అందరితో అంటున్నాడు. నా ముఖం చూసి కూడా అన్నాడు. నిన్నటిదాకా పాప వాళ్లమ్మను అబద్ధాలకోరు అన్నవాళ్లు ఇవాళ పళ్లు పట్టుకుని ఆమె గదికి వెళ్లి ఫొటోలు దిగారు.

ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్నది నా ముఖం. టీవీలో బోర్డు కింద నిలబడ్డానే, అదే. చుట్టూ ఎర్ర గీత. ముఠాతో నాకు సంబంధం ఉందని, కావాలనే మచ్చ తీశానని, నా కళ్లు చూస్తేనే తెలుస్తోందని రాస్తున్నారు. నా కళ్లను నేనూ చూసుకున్నాను. అలసిపోయి ఉన్నాయి, అంతే. నేను చేసింది వాళ్లు చెప్తున్నది కాదు. కాదని ఎవరికి చెప్పను? చెప్పాల్సిన రోజుల్లో చెప్పలేదు.

ఇక మా షాపుకి ఎవరినీ పంపబోమని కార్డుల ఆఫీసు వాళ్లు కబురు చేశారు. సరేనన్నాను.

17, మంగళవారం

షాపు తెరవలేదు.

18, బుధవారం

పాప వాళ్లమ్మను చూడటానికి వెళ్లాను. మా ఆవిడ వస్తానంది. వద్దన్నాను.

గది లాండ్రీ పైన. మెట్లు ఎక్కుతుంటే రెండుసార్లు ఆగాను. కిటికీకి అద్దం బదులు అట్టముక్క కట్టి ఉంది. పాప మంచం మీద కూర్చుని బిస్కెట్‌ను టీలో ముంచుకుని తింటోంది. నన్ను చూసి గుర్తుపట్టి, "ఫొటో తాతయ్య" అంది. తాతయ్యనయ్యేంత వయసు ఇంకా రాలేదు. ఇంకో రోజయితే నవ్వేవాణ్ణి.

తలుపు దగ్గరే నిలబడి, చెప్పాలని దారంతా కూడబలుక్కున్న మాటలు చెప్పాను. భయపడ్డాను, పరువు చూసుకున్నాను, నువ్వొచ్చి అడిగిన రోజు కూడా నాకు మచ్చ స్పష్టంగా గుర్తుంది అని చెప్పాను. క్షమించమని మాత్రం అడగలేకపోయాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక, కూర్చోండన్నయ్యా అని కుర్చీ మీది బట్టలు తీసింది.

పాప రెండో బిస్కెట్ అడిగితే ఇచ్చింది. తర్వాత నావైపు చూడకుండానే చెప్పింది.

"టీవీలో వాళ్లు అన్నప్పుడు నాకేమీ అనిపించలేదన్నయ్యా. వాళ్లు పాపను చూడలేదు కదా. పాప వాళ్ల నాన్న అన్నప్పుడు కూడా, ఆయనకేం తెలుసులే అనుకున్నాను. మీరు గుర్తు లేదన్నాక మాత్రం నాకే అనుమానం వచ్చింది. మచ్చ నిజంగా ఉందా, నేనే ఊహించుకున్నానా అని. ఇస్త్రీపెట్టె తగిలిన రోజు నా చేతుల్లోనే ఏడ్చింది. అయినా అనుమానం వచ్చింది. కళ్లు మూసుకుని పాప బుగ్గ తలుచుకుంటే నున్నగా, మీ ఫొటోలో ఉన్నట్టే కనబడేది. పోలీసులు అడిగినప్పుడు చివరి రోజు, ఏమో సార్, లేదేమో అన్నాను. రాసుకున్నారు కూడా."

పాప అమ్మ ఒళ్లోకి ఎక్కింది. ఆమె దాని జుట్టు చెవి వెనక్కి తోసింది.

"హోమ్‌లో తలుపు తీయగానే అమ్మా అంటూ పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను ఎత్తుకోలేదన్నయ్యా. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పన్నెండు రోజుల తర్వాత బిడ్డ కనిపిస్తే, ముందు బుగ్గ చూశాను. ఉంది. అప్పుడు ఎత్తుకున్నాను."